కుడివైపు నడిచిన మనిషి

ఆదివారం. ఉదయం ఆరూ పది.

పన్నెండో నెంబరు గది తలుపు బయటి నుంచి గడియ వేసే ఉంది. లోపల బకెట్టులో నీళ్ళున్నాయి. సగం తిని వదిలేసిన గడ్డి ఉంది. గోడకు రెండు కళ్ళేలు, జీను, తళతళలాడే తోలు పట్టీలు వేలాడుతున్నాయి. ఉండాల్సిన గుర్రం ఒక్కటే లేదు.

ఆ గుర్రం పేరు కాటుక. పదకొండేళ్ళ నల్లటి ఆడగుర్రం. శనివారం జరిగిన డ్రెస్సాజ్ పోటీలో ఎనభై ఒక్క శాతం మార్కులతో మొదటి స్థానంలో నిలిచింది. సంగీతం మోగుతుంటే గుర్రం దానికి తగ్గట్టు అడుగులు వెయ్యాలి. రౌతు ఏం చెబుతున్నాడో చూసేవాళ్ళకు తెలియకూడదు. గుర్రం తనంతట తానే నాట్యం చేస్తున్నట్టుండాలి. అదీ డ్రెస్సాజ్. ఫైనల్ మధ్యాహ్నం రెండింటికి.

ఆరూ నలభైకి జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరమ్మ దిగింది. వెనకే హెడ్ కానిస్టేబుల్ దిగాడు. ఆయన్ని స్టేషన్లో అందరూ గడియారం అంటారు. టైము చెప్పకుండా వాక్యం పూర్తి చెయ్యలేడు, అదొక జబ్బు.

"ఫోన్ వచ్చింది ఆరూ పద్దెనిమిదికి. మనం బయల్దేరింది ఆరూ ఇరవై ఒకటికి మేడమ్."

"సర్లే. పద."

అసలు ఆ రోజు ఇన్‌స్పెక్టరమ్మకు సెలవు. ఫైనల్ చూడ్డానికని నెల ముందే సెలవు పెట్టుకుంది. తనకొకటి, అత్తగారికొకటి టికెట్లు కొనిపెట్టుకుంది. పదిహేనేళ్ళుగా టీవీలో డ్రెస్సాజ్ ఎప్పుడు వచ్చినా కుర్చీకి అతుక్కుపోయే మనిషి. లాకప్పు కంపు, ఫైళ్ళ గోల, నడుం నొప్పి అన్నీ ఒక్కో గుర్రం ఆడే ఆ ఏడు నిమిషాలూ మర్చిపోయేది. శనివారం స్టాండులో కూర్చుని కాటుకను కళ్ళారా చూసింది. చేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టింది. అలాంటి గుర్రాన్ని ఎవడో ఎత్తుకుపోయాడంటే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

గుర్రాన్ని చూసుకునే మనిషి గది బయట నేలమీద చతికిలబడి ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. అక్కడ అందరూ ఆవిడను అక్క అంటారు.

"గుర్రాన్ని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"అయిదున్నరకండీ. దాణా కలపడానికి వెళ్ళేముందు."

"తిరిగి వచ్చింది?"

"ఆరూ పదికి. దాణా గదిలో మేం అయిదుగురం ఉన్నాం. కావాలంటే అడగండి."

"రాత్రి గుర్రం ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"గడ్డి సగమే తిన్నట్టుంది?"

"ఫైనల్ కదండీ. వాటికీ టెన్షన్ ఉంటుంది."

ఇన్‌స్పెక్టరమ్మ తలూపింది. ఆ మాట టీవీలో కూడా విన్నట్టు గుర్తు.

ఇంతలో ఒక ఆసామి బూట్లు టకటకలాడిస్తూ వచ్చిపడ్డాడు. కాటుకకు ఓనరు, కోచ్ ఆయనే. దాన్ని ఎక్కి ఆడే అమ్మాయి ఆయన మేనకోడలు. ఆ అమ్మాయి వెనకే వచ్చి, తలుపుకు ఆనుకుని నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఇది పక్కా ప్లాన్ మేడమ్. రెండో స్థానంలో ఉన్నవాళ్ళ పనే. నాకు తెలుసు!"

"ఆధారం?"

"ఆధారం మీరు పట్టుకోవాలి. నాకు కావలసింది గుర్రం. ఒంటిగంటన్నరకు అది నా చేతిలో ఉంటే చాలు, రెండింటికి బరిలోకి దింపుతాను. ఎనిమిదేళ్ళ కష్టం మేడమ్ ఇది. మా అమ్మాయికి మళ్ళీ ఇలాంటి ఛాన్సు రాదు."

"మామయ్యా..." అంది అమ్మాయి.

"నువ్వు ఊరుకో. వెళ్ళి బూట్లు తుడుచుకో."

"ఒంటిగంటన్నరకల్లా తెచ్చి అప్పగిస్తాను," అంది ఇన్‌స్పెక్టరమ్మ. మనస్ఫూర్తిగానే అంది. ఆ ఫైనల్ తనకూ చూడాలని ఉంది మరి.

*

సీసీటీవీ గదిలో ఏడూ ఇరవై.

మొదటి కెమెరా గుర్రపుశాల వెనక గోడమీద ఉంది. అయిదూ యాభై రెండుకు నల్ల గుర్రం ఒకటి వీపుమీద దుప్పటితో నడిచి వెళ్ళింది. కళ్ళెం లేదు. మెత్తటి తాడు పట్టీ ఒకటే తలకు కట్టి ఉంది. పక్కన మనిషి ఉన్నాడు గానీ గుర్రానికి అవతలివైపు ఉన్నాడు. కాళ్ళు, రెయిన్‌కోటు అంచు తప్ప ఏమీ కనిపించడంలేదు.

"ముదురు మేడమ్," అన్నాడు గడియారం. "కెమెరా ఎటుందో తెలుసు. గుర్రాన్ని చాటు చేసుకుని నడిచాడు."

రెండో కెమెరా మలుపు దగ్గర ఉంది. అయిదూ యాభై నాలుగు. రెయిన్‌కోటు టోపీ కిందకి లాక్కుని, తల వంచుకుని మనిషి నడుస్తున్నాడు. ముఖం కనిపించలేదు. ఆ మలుపు దాటితే కెమెరాల్లేవు. దారి రెండుగా చీలుతుంది. ఒకటి వెనక గేటుకు, ఒకటి పాత షెడ్లవైపు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఒట్టేసి చెప్పాడు. "గుర్రం కాదు కదా, కుక్కపిల్ల కూడా దాటలేదు సార్."

"వాడు నిద్రపోయి ఉంటాడు!" అని కోచ్ కస్సుమన్నాడు.

తొమ్మిదికల్లా హైవేమీద మూడు గుర్రాల లారీలను ఆపించారు. ఒకదాంట్లో తెల్ల గుర్రం. ఒకదాంట్లో గాడిద. మూడోదాంట్లో సోఫాసెట్టు.

పదింటికి ఇన్‌స్పెక్టరమ్మ మళ్ళీ గుర్రపుశాలకు వచ్చింది. గడియారం ఒక గోధుమరంగు గుర్రాన్ని చూసి ముచ్చటపడి దాని కుడివైపు నుంచి దగ్గరికి పోబోయాడు.

"అయ్యయ్యో! అటు కాదు సార్!" అక్క పరుగున వచ్చి చెయ్యి పట్టి లాగింది. "ఎడమవైపు రండి. గుర్రానికి అన్నీ ఎడమవైపు నుంచే. ఎక్కేది అటే, దిగేది అటే, పట్టుకు నడిపేదీ అటే. పుట్టినప్పటి నుంచి వాటికి అదే అలవాటు. మాకూ అంతే. నన్ను కుడివైపు నడవమంటే నా కాళ్ళు నాకే అడ్డం పడతాయి."

"అందరూ అంతేనా?"

"గుర్రం తెలిసినవాళ్ళు ఎవరైనా అంతే."

ఇన్‌స్పెక్టరమ్మ గిర్రున వెనక్కి తిరిగి సీసీటీవీ గదికి నడిచింది.

"మొదటి కెమెరా గుర్రానికి ఎటువైపుంది?"

"ఎడమవైపు మేడమ్."

"మనిషి?"

"కుడివైపు. చాటుగా."

"రెండోది వెయ్యి. ఇక్కడ కెమెరా ఎటువైపు?"

గడియారం చూశాడు. తెల్లమొహం వేశాడు. "కుడివైపు. మనిషీ కుడివైపే. కెమెరాకు ఎదురుగానే నడుస్తున్నాడు!"

"చాటుగా ఉండాలనుకున్నవాడు ఇక్కడ ఎడమవైపుకు మారాలి కదా. మారలేదు. అంటే వాడు కెమెరాకోసం కుడివైపు నడవలేదు. ఇంకెందుకో నడిచాడు."

"గుర్రం తెలియనివాడేమో?"

"తెలియనివాడి వెనక అది ఇంత బుద్ధిగా నడుస్తుందా? చూడు, తాడు ఎంత వదులుగా ఉందో."

*

పదకొండుంబావు. గుర్రాల డాక్టరు మందుల పెట్టె సర్దుకుంటూ దొరికాడు.

"ఆ పాత షెడ్లలో ఏమున్నాయండీ?" గడియారం అడిగాడు.

"ఏమీ లేవు. గడ్డి, విరిగిన కుర్చీలు. ఆఖర్న ఐసోలేషన్ షెడ్డు ఉంది. అంటురోగం వచ్చిన గుర్రాన్ని విడిగా ఉంచుతాం."

"అది వెతికారా?"

డాక్టరు నవ్వాడు. "ఎర్ర బోర్డు పెట్టుంటే ఎవరెళతారండీ? అక్కడ అడుగుపెట్టి మళ్ళీ తన గుర్రం దగ్గరికి వెళితే రోగం అంటుకుంటుంది. ఫైనల్ రోజున ఏ గుర్రాల మనిషీ ఆ ఛాయలకు పోడు."

"బోర్డు ఎప్పుడు పెట్టారు?" ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది.

"పొద్దున్నే చూశాను."

"మీరు పెట్టారా?"

"నేనా? లేదే. ఆఫీసువాళ్ళు పెట్టారనుకున్నాను."

"లోపల జబ్బు గుర్రం ఉంటే డాక్టరు మీకు తెలియకుండా ఉంటుందా?"

డాక్టరు మందుల పెట్టె కింద పెట్టేశాడు.

"తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరొకటి. ఇదిగో. ఇంకొకటి గ్లవ్స్ మాస్టారి దగ్గర."

గ్లవ్స్ మాస్టారిని ఇన్‌స్పెక్టరమ్మ శనివారం చూసింది. ఒకప్పుడు బడిలో డ్రిల్లు మాస్టారు. పన్నెండేళ్ళుగా పోటీల్లో తనిఖీ అధికారి. ఒక్కో గుర్రం బరిలోంచి బయటికి రాగానే ఆయన తెల్ల గ్లవ్స్ తొడుక్కుని ఎదురెళతాడు. గుర్రం పెదవి మూల వేలితో తుడిచి ఆ వేలు పైకెత్తి చూపిస్తాడు. తెల్లగా ఉంటే కాగితంమీద 'శుభ్రం' అని రాస్తాడు. ఎర్రగా ఉంటే ఆ గుర్రం పోటీలోంచి అవుట్. ఎన్ని మార్కులొచ్చినా సరే.

"మీరిక్కడే ఉండండి డాక్టరుగారూ. నేను పిలిచినప్పుడు రండి. ఈలోగా ఎవరితోనూ అనకండి."

ఐసోలేషన్ షెడ్డు తలుపు తెరిచేసరికి పదకొండూ నలభై.

కాటుక అక్కడే ఉంది. కింద కొత్త గడ్డి పరిచి ఉంది. పక్కన తొట్టిలో ఇంకా గడ్డి ఉంది, నీళ్ళలో మెత్తగా నానబెట్టి. దొంగ ఎవడోగానీ దానికి తిండి పెట్టి మరీ వెళ్ళాడు.

ఇన్‌స్పెక్టరమ్మ ఇంత దగ్గరగా దాన్ని చూస్తాననుకోలేదు. అక్క చెప్పింది గుర్తుంచుకుని ఎడమవైపు నుంచి మెల్లగా చెయ్యి చాచింది. కాటుక తల విసిరేసింది. గోడకు అతుక్కుపోయి, కంటి తెలుపు కనిపించేలా చూసింది.

చెయ్యి తీసేసింది. చుట్టూ తిరిగి కుడివైపు నుంచి వెళ్ళింది.

గుర్రం కదల్లేదు. ముక్కు ఆమె భుజానికి ఆనించింది.

కుడిచెంప మీద చెయ్యి వేసి, ఆమె ముందుకు వంగి, అవతలి పెదవి మూలను చూసింది. తోలు చీలి ఉంది. లోపల పచ్చి పుండు. పాతదొకటి, దానిమీద కొత్తదొకటి. నాలుక అంచున కళ్ళెం ఇనప కమ్మీ ఒత్తిన చార, నీలంగా కమిలిపోయి. ముక్కు పట్టీ బిగించిన చోట వెంట్రుకలు రాలిపోయాయి.

"మేడమ్," అన్నాడు గడియారం. టైము చెప్పలేదు.

అదే నిమిషాన ఫోన్ మోగింది. కోచ్.

"ఏమైనా తెలిసిందా మేడమ్? టైము అయిపోతోంది!"

ఇన్‌స్పెక్టరమ్మ గుర్రం వంక చూసింది. దొరికిందని చెబితే రెండింటికల్లా ఆ పుండుమీదే మళ్ళీ ఇనుము పడుతుంది. గుర్రాన్ని పట్టుకొచ్చి అప్పగిస్తానని మాటిచ్చింది తనే.

"ఇంకా వెతుకుతున్నాం," అంది.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఫిర్యాదు ఇచ్చినవాడితో అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

*

షెడ్డు బయట, విరిగిన కుర్చీలో కూర్చుని ఆమె తన ఫోన్ తీసింది. శనివారం నాలుగు గుర్రాల ఆటను వీడియో తీసుకుంది. ఇంటికెళ్ళి మళ్ళీ మళ్ళీ చూసుకుందామని. మధ్యాహ్నం మూడూ నలభై ఒకటికి కాటుక వంతు.

వీడియో మొదలైంది. సంగీతం. జనం హోరు. ఆ హోరులో అత్తగారి గొంతు.

"అమ్మాయ్, దాని నోట్లోంచి అంత నురగేమిటి?"

"అది మంచిదే అత్తయ్యా. గుర్రం హాయిగా ఉందని గుర్తు. టీవీలో చెబుతారు."

"హాయిగానా? నాకు కొత్త పళ్ళసెట్టు పెట్టినప్పుడు ఇలాగే చొంగ కారింది. హాయా పాడా, ప్రాణం పోయిందనుకో."

"అబ్బ! ఊరుకోండత్తయ్యా. మీకు తెలీదు."

"తోక అలా టపటపా కొట్టుకుంటుందేం? ఈగలు కూడా లేవు."

"హుషారు!"

పక్కవాళ్ళు పకపకా నవ్వారు. తనూ నవ్వింది. ఆ తర్వాత కాటుక మెడ విల్లులా వంచి, ఉన్నచోటే అడుగులు వేస్తుంటే తన గొంతే పెద్దగా వినిపించింది. "ఆహా! ఆ మెడ చూడండత్తయ్యా! ఆ మెడ!"

ఇన్‌స్పెక్టరమ్మకు తల కొట్టేసినట్టయింది. గడియారం పక్కకు తిరిగి, చూడనట్టు, విననట్టు నిలబడ్డాడు. ఆ మర్యాద ఆమెను ఇంకా చంపేసింది. దొంగల కళ్ళలో వణుకు పట్టుకునే మనిషి తను. అబద్ధమాడేవాడి వేలి కదలిక చూసి కేసులు తేల్చిన మనిషి. నిన్న ఏడు నిమిషాలు కళ్ళముందు ఒక ప్రాణి నొప్పి నొప్పి అంటుంటే, బావుంది బావుంది అంది. చెప్పిన ముసలావిడ నోరు కూడా నొక్కేసింది.

వీడియో ఆపబోయి ఆగింది. ఆట అయిపోయింది. కాటుక బయటికి వస్తోంది. గ్లవ్స్ మాస్టారు ఎదురెళ్ళాడు.

ఆమె వెనక్కి తిప్పింది. మళ్ళీ చూసింది. తర్వాత మిగిలిన మూడు గుర్రాల వీడియోలూ ఆఖరి నిమిషం వరకు చూసింది. లేచి నిలబడింది.

"ఒంటిగంటకు అందరినీ కమిటీ రూములో కూర్చోబెట్టు."

*

ఒంటిగంటా అయిదు.

పొడవాటి బల్ల. ఒకవైపు కోచ్, మేనకోడలు, అక్క. రెండోవైపు డాక్టరు, గ్లవ్స్ మాస్టారు. తలవైపు పెద్ద జడ్జి, ముక్కుమీదికి జారిన కళ్ళజోడుతో. కిటికీ బయట స్టాండు నిండుతోంది.

"కాటుక దొరికింది," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

కోచ్ కుర్చీలోంచి లేచాడు. "ఎక్కడ? అక్కా, పద, జీను తీసుకురా!"

"కూర్చోండి."

ఆ గొంతుకు ఆయన కూర్చున్నాడు.

"గుర్రాన్ని తీసుకెళ్ళిన మనిషి రెండు కెమెరాల ముందూ దానికి కుడివైపే నడిచాడు. గుర్రం తెలిసినవాళ్ళు ఎడమవైపే నడుస్తారు. ఇతను అలవాటు మార్చుకున్నాడు. ఎందుకు? ఎడమవైపు చెయ్యి వేస్తే అది భరించలేదని తెలుసు కాబట్టి. అది ఎవరెవరికి తెలుసు?"

ఆమె బల్ల చుట్టూ ఒక్కొక్కరినీ చూసింది.

"అక్కకు తెలుసు. కళ్ళెం విప్పేది ఆవిడే. కానీ అయిదున్నర నుంచి ఆరూ పది దాకా దాణా గదిలో ఉంది. సాక్షులు నలుగురు. కోచ్‌గారికి, అమ్మాయికి తెలుసో తెలియదో నేను చెప్పలేను. గుర్రాన్ని దాస్తే నష్టం మాత్రం వాళ్ళకే. డాక్టరుగారిని ఎవరూ పిలవనే లేదు. ఇంక మిగిలింది ఒక్కరు. నిన్న దాని నోరు దగ్గరగా చూసినవాళ్ళు. ఐసోలేషన్ షెడ్డు తాళం ఉన్నవాళ్ళు."

ఆమె ఫోన్ బల్లమీద పెట్టింది.

"నిన్న నేను నాలుగు గుర్రాలను వీడియో తీశాను. మూడింటికి మాస్టారు ఎడమవైపు వెళ్ళి తుడిచారు. కాటుకకు కూడా ఎడమవైపే రెండడుగులు వేశారు. ఆగారు. దాని ముందు నుంచి చుట్టూ తిరిగి కుడివైపు వెళ్ళారు. అటు తుడిచి, తెల్ల గ్లవ్ ఎత్తి చూపించారు. 'శుభ్రం' అని రాశారు. నిన్న మధ్యాహ్నం మూడూ నలభై తొమ్మిదికి కుడివైపుకు వెళ్ళిన మనిషే ఈ పొద్దున అయిదూ యాభై రెండుకూ కుడివైపు నడిచాడు."

గ్లవ్స్ మాస్టారు తల ఎత్తలేదు. "నేనేనండీ. గుర్రాన్ని దొంగతనం చేసింది నేనే. రాసుకోండి. సంతకం పెడతాను."

కోచ్ ఊపిరి పీల్చుకున్నాడు. "చూశారా! సరే, ఈయన సంగతి తర్వాత చూసుకోండి. యాభై నిమిషాలుంది. గుర్రాన్ని తయారుచేస్తాం."

"దాని నోరు మీరు చూశారా?"

"చిన్న గీత ఉండొచ్చు. తోలు పల్చన. నిన్నటి రిపోర్టు శుభ్రమనే ఉంది కదా? జడ్జిగారూ, మీరు చెప్పండి."

పెద్ద జడ్జి ఇబ్బందిగా కదిలాడు. "ఈ పుండు బరిలో అయిందో తర్వాత అయిందో మాకెలా తెలుస్తుందండీ? ఎత్తుకెళ్ళినప్పుడు కూడా అయి ఉండొచ్చు. మేం చూడాల్సింది తనిఖీ కాగితం. అందులో శుభ్రం అని ఉంది. వీడియోలో కూడా రక్తం కనిపించడంలేదు. మీరు అంత దూరం నుంచి తీశారు."

నిజమే. వీడియోలో కనిపించేది నల్లటి గుర్రం, తెల్లటి నురగ. వినిపించేది ఇన్‌స్పెక్టరమ్మ గొంతు.

"మాస్టారూ," అందామె. "దొంగతనం ఒప్పుకున్నారు. అది చాలదు. నిన్న ఏం చూశారో చెప్పండి. మీరు చెప్పకపోతే ఇంకో గంటలో దాని నోట్లో మళ్ళీ రెండు కళ్ళేలు పడతాయి."

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడిచేతి వేళ్ళు ఎడమచేతిని నలుపుతున్నాయి.

"నిన్న సాయంత్రం రిపోర్టు మార్పిద్దామని ఈ గది తలుపు దాకా వచ్చాను. లోపల అందరూ నవ్వుకుంటూ ఉన్నారు. వెనక్కి వెళ్ళిపోయాను. నిజం చెబితే, మరి అంతకుముందు రాసినవన్నీ ఏమిటని అడుగుతారు కదా? గుర్రాన్ని ఈ ఒక్కరోజు దాచేస్తే చాలనుకున్నాను. సాయంత్రం తిరిగి కట్టేద్దామనుకున్నాను. దొంగ అనిపించుకోవడం దానికన్నా తేలికనిపించింది మేడమ్."

"ఏం చూశారు?"

"నురగలో ఎరుపు. బరి గేటు దాటకముందే కనిపించింది."

పెద్ద జడ్జి కళ్ళజోడు తీసేశాడు.

"మరి ఎందుకు చుట్టూ తిరిగారు?"

మాస్టారు అప్పుడు మొదటిసారి తల ఎత్తి ఆమె ముఖంలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బావుండేది.

"స్టాండంతా లేచి నిలబడిందండీ. అయిదువేల మంది. చప్పట్లు. ఈలలు. అంత సంతోషంలో ఎర్ర వేలు ఎత్తి చూపించడానికి నా చెయ్యి లేవలేదు. మీరూ ఉన్నారు కదా అక్కడ. ఎలా ఉందో మీకు తెలుసు."

ఇన్‌స్పెక్టరమ్మ బల్లమీది ఫోన్ వంక చూసింది. అయిదువేల మందిలో అందరికన్నా ముందు లేచి నిలబడింది తనేనని ఆమెకు గుర్తుంది. వెనకవాళ్ళు కూర్చోమని అరిచినా కూర్చోలేదు.

"నిన్న ఒక్కరోజేనా?" ఆమె అడిగింది.

"కాదు. ఈ ఏడు ఇది మూడోసారి. వేరే గుర్రాలు కూడా. అంతకుముందు సంవత్సరాల లెక్క నేను పెట్టుకోలేదు. పెట్టుకోబుద్ధి కాలేదు."

రౌతు అమ్మాయి ముఖం చేతుల్లో దాచుకుంది. "నాకు తెలీదు మామయ్యా. నిజంగా నాకు తెలీదు."

"తెలుసమ్మా," అంది అక్క మెల్లగా. కసిరినట్టు కాదు, ఓదార్చినట్టే అంది. "పగ్గం మీ చేతికి ఎంత గట్టిగా తగిలిందో దాని నోటికీ అంతే తగులుతుంది. నాకూ తెలుసు. రోజూ రాత్రి మందు రాస్తూనే ఉన్నాను. పొద్దున పట్టీ బిగిస్తూనే ఉన్నాను."

కోచ్ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. "అందరూ అంతే బిగిస్తారు," అన్నాడు.

పెద్ద జడ్జి కాగితం ముందుకు లాక్కున్నాడు. "గుర్రానికీ రౌతుకూ సామరస్యం అన్న కాలమ్‌లో నిన్న నేను దానికి పదికి తొమ్మిది వేశాను," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు. 'శుభ్రం' అన్న మాట కొట్టేసి మాస్టారి చేత సంతకం పెట్టించాడు. కాటుక పోటీలోంచి అవుట్. నిన్నటి మార్కులు రద్దు.

టైము ఒంటిగంటా ముప్పై ఎనిమిది.

"కారణం మైకులో చెప్పాలి," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"అనారోగ్యం అని చెప్పిస్తానండీ. అదే మామూలు," అన్నాడు జడ్జి.

"నేను చెబుతాను," అని లేచాడు గ్లవ్స్ మాస్టారు.

*

మైకు గది స్టాండు కింద ఉంది. ఆయన నాలుగే వాక్యాలు మాట్లాడాడు. కాటుక నోట్లో రక్తం చూశాననీ, చూసి కూడా శుభ్రమని రాశాననీ, ఇదివరకు కూడా అలా చేశాననీ, ఇక ఈ పనిలో ఉండననీ చెప్పాడు. 

స్టాండులో ఒక మూల ఎవరో "షేమ్!" అని అరిచారు. ఎవరిని అన్నారో గాని ఆ మాట ఇన్‌స్పెక్టరమ్మకు చెంపదెబ్బలా తగిలింది. ఇంకెవరో టికెట్ డబ్బు వెనక్కి ఇవ్వమన్నారు.

మాస్టారు బయటికి వచ్చి ఆమె ముందు రెండు చేతులూ చాచాడు. బేడీలకోసం.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడే. గుర్రం దొరికింది కదా, కేసూ గీసూ అంటే పేపర్లో అన్నీ వస్తాయి, వద్దన్నారు కోచ్‌గారు."

"మరి నన్ను..."

"ఇంటికి వెళ్ళొచ్చు."

ఆయన అర్థం కానట్టు చూశాడు. చాచిన చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి.

"అంటే నాకు శిక్షే లేదా మేడమ్?"

లోపల సంగీతం మొదలైంది. తర్వాతి గుర్రం పేరు చదివారు. తెల్ల గుర్రం మెడ వంచుకుని, నోట్లోంచి నురగ కారుతూ బరిలోకి వచ్చింది. పైన స్టాండులో ముందు ఒకరిద్దరు, తర్వాత అందరూ చప్పట్లు మొదలుపెట్టారు.

"లేదండీ," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "మనకెవరికీ లేదు."

ఆయన చేతులు కిందికి దించి, గోడవారగా నడుస్తూ గేటువైపు వెళ్ళాడు. ఆమె కాసేపు అక్కడే నిలబడి, సిగ్గుతో ఆ చప్పట్లన్నీ విన్నది.